బొడోదిన్ నాటి కలకత్తా

ప్రభుత్వరంగ సంస్థలో ఉద్యోగం చేసేవారికి బదిలీ ఉత్తర్వు కొత్త విషయం కాదు. సామాను కట్టడం, పిల్లల టి.సి.లు తీసుకోవడం, గ్యాస్ కనెక్షన్ మార్చుకోవడం, కొత్త ఊళ్ళో బడినీ, పాలవాడినీ, డాక్టరునూ వెతుక్కోవడం మన సహోద్యోగులందరికీ అనుభవంలోనివే. 2023 జూన్‌లో మాకు కలకత్తా బదిలీ అయినప్పుడు మేమూ ఇవన్నీ యథావిధిగా చేశాము. 2001 నుంచి ఆ మహానగరం పేరు అధికారికంగా కోల్‌కతాయే. అయినా మన తెలుగునాట పెద్దలందరి నోటా అది నేటికీ కలకత్తాయే గనుక ఈ వ్యాసంలో మేమూ అలాగే వ్యవహరిస్తాము.

అయితే ఈసారి లారీ సామాను జాబితాలో చేరని బరువొకటి మా వెంట వచ్చింది. అంతకు నాలుగు నెలల క్రితమే మా నాన్నగారు కాలం చేశారు. తెనాలి సమీపంలోని మా పల్లెలో, పెంకుటింట్లో మా అమ్మ ఒంటరిగా మిగిలిపోయింది. మాతో రమ్మని ఎంత బ్రతిమాలినా "సంవత్సరీకం దాకా గడప దాటను" అన్నది. 2024 ఫిబ్రవరిలో ఆ కార్యక్రమం కూడా ముగిసింది. అప్పటినుంచి ఫోనులో మాది ఒకటే మాట, ఆమెది ఒకటే జవాబు: "చూద్దాంలేరా." చివరకు ఆ ఏడాది డిసెంబరులో ఒక నెల ఉండి వెళ్ళడానికి ఒప్పుకొన్నది. ఒక నెల అని ఆమె అన్నది. ఎలాగైనా ఆమెను శాశ్వతంగా మా వద్దనే ఉంచుకోవాలని మేము మనసులో నిశ్చయించుకొన్నాము. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

మా ఇల్లు రిపన్ స్ట్రీటు సమీపంలోని ఒక పాత భవనంలో మొదటి అంతస్తు. ఎత్తైన కప్పు, ఆకుపచ్చ రెక్కల కిటికీలు, అందరికీ కలిపి ఒకే పొడవాటి వరండా. క్రింది వాటాలో డెబ్బది ఏళ్ళు పైబడిన ఒక ఆంగ్లో ఇండియన్ మహిళ ఒంటరిగా నివసిస్తున్నారు. పాఠశాలలో ఉపాధ్యాయినిగా చేసి విరమించినవారు. కీర్తిశేషులైన భర్త రైల్వేలో పనిచేసేవారు. సంతానమంతా ఆస్ట్రేలియాలో స్థిరపడ్డారు. మా పిల్లలకు ఆమె 'ఆంటీ'. ఎనిమిదేళ్ళ మా అమ్మాయికి ఇంగ్లీషు ఉచ్చారణ దిద్దేదీ, నాలుగేళ్ళ మా చిన్నవాడికి బిస్కెట్లు పెట్టేదీ ఆవిడే.

ఇక్కడే మా ఇంటి లోపమొకటి పాఠకుల ముందు ఒప్పుకోవాలి. కలకత్తా వచ్చిన ఏడాదిన్నరలో మా అమ్మాయి తెలుగు మాట్లాడటం క్రమంగా మానివేసింది. మేము తెలుగులో అడిగితే ఇంగ్లీషులోనో హిందీలోనో బదులిచ్చేది. బడికి వెళ్ళినప్పుడు తోటి పిల్లల ఎదుట తెలుగులో పిలవవద్దని మమ్మల్ని ముందుగానే హెచ్చరించేది. ఫోనులో నాయనమ్మ ఎన్ని అడిగినా "ఊఁ", "బాగున్నా" తప్ప మూడో మాట ఉండేది కాదు. చిన్నవాడి సంగతి మరొక రకం. పనిమనిషి దగ్గరా వీధి పిల్లల దగ్గరా నేర్చుకొన్న బెంగాలీ వాడికి ధారాళంగా వచ్చేసింది. నెల్లాళ్ళపాటు నాయనమ్మ వీళ్ళతో ఎలా మాట్లాడుతుందా అన్నది మా దిగులు.

డిసెంబరు 14వ తేదీ శనివారంనాడు, గుంటూరులో ఫలక్‌నుమా ఎక్కిన మా అమ్మ మా మేనమామగారి అబ్బాయి తోడుతో హౌరా స్టేషనులో దిగింది. చేతిలో చిన్న సంచీ, నెత్తిన మఫ్లరు, రెండు డబ్బాల ఆవకాయ. హౌరా నుంచి నది అవతలికి మెట్రో రైలులో తీసుకువచ్చాము. దేశంలో నదీగర్భం క్రిందుగా నడిచే తొలి మెట్రో మార్గం ఇదే. 2024 మార్చిలో ప్రారంభమైంది. హుగ్లీ నది క్రింద సొరంగం పొడవు 520 మీటర్లు. దానిని దాటడానికి పట్టేది సుమారు 45 సెకన్లు. నది క్రింద ఉన్నామని ప్రయాణికులకు తెలియడానికి ఆ భాగంలో నీలిరంగు దీపాలు అమర్చారు. "నాయనమ్మా, గంగా!" అని చిన్నవాడు పైకి చూపించాడు. మా అమ్మ గభాలున రెండు చేతులూ పైకెత్తి జోడించి, "శివయ్యకు మల్లే గంగమ్మ తల్లిని నెత్తిన పెట్టుకొని పోతున్నాం గదరా!" అన్నది. పక్కన కూర్చొన్న బెంగాలీ పెద్దమనిషికి మాట అర్థం కాకపోయినా భావం అర్థమై, ఆయన కూడా నమస్కరించాడు.

ఇల్లు చేరిన మరునాడే ఆమెకు రెండు విషయాలు వింతగా తోచాయి. మొదటిది పొద్దు. "ఇదేమిటర్రా, ఇంకా అయిదైనా కాలేదు, దీపాలు పెట్టేస్తున్నారు?" అన్నది. మన దేశపు గడియారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరించి నడుస్తుంది. ఆ రేఖ మన కాకినాడ దాపులనుంచే పోతుంది. కలకత్తా అంతకు దాదాపు ఆరు డిగ్రీలు తూర్పున ఉన్నందువల్ల ఇక్కడ సూర్యుడు గడియారంకంటే 20 నిమిషాలకు పైగా ముందుంటాడు. ఇక డిసెంబరు మాసంలో అయిదు గంటలకే చీకటి పడుతుంది. రెండవది ఈ పండుగ పేరు. బెంగాలీలు క్రిస్మస్‌ను 'బొడోదిన్' అంటారు. అంటే పెద్దదినం. "ఏడాదిలో అతి పొట్టి పగలు ఈ నాలుగు రోజుల్లోనే గదా, దీనిని పెద్దరోజని ఎందుకంటారు?" అని మా అమ్మాయి సైన్సు పుస్తకం పట్టుకొని నిలదీసింది. డిసెంబరు 21, 22 తేదీల తరువాత పగలు మళ్ళీ పెరగడం మొదలవుతుంది గనుక ఆ పేరు వచ్చిందని ఇక్కడివారు చెబుతారు. ఆ సంగతి విన్న మా అమ్మ, "మనకు సంక్రాంతికి పొద్దు తిరిగినట్టు వీళ్ళకు ఈ పండుగకు తిరుగుతుందన్నమాట. లెక్క ఒకటే" అని తేల్చివేసింది.

ఆ వారం నుంచే మా వీధి రూపు మారిపోయింది. కిటికీలకు కాగితపు నక్షత్రాలు వ్రేలాడాయి. మా క్రింది వాటాలో ఆంటీగారు గడ్డితో పశువుల పాక కట్టి, మట్టి బొమ్మలు పేర్చారు. మా పిల్లలిద్దరూ బడి నుంచి రాగానే అక్కడే మకాం. చిన్నవాడు తన ప్లాస్టిక్ పులిబొమ్మను కూడా ఆ పాకలో గొర్రెల ప్రక్కన నిలబెట్టి వచ్చాడు. ఆంటీగారు దానిని తీసివేయలేదు. పండుగ వెళ్ళేదాకా ఆ పులి అక్కడే సాధువై నిలబడింది.

ఆంటీగారి కేకు తయారీ ప్రహసనం కూడా వివరించదగినదే. ఎండుద్రాక్ష, చెర్రీలు, కిత్తలి తొక్కు మురబ్బా, బూడిదగుమ్మడి పేఠా ముక్కలు నవంబరు నుంచే జాడీలో నాని ఉన్నాయి. ఇంట్లో పెద్ద ఓవెన్ లేనివారు పిండి, వెన్న, చక్కెర, గుడ్లు, ఈ నానిన పండ్లు సంచులలో పెట్టుకొని తాల్తలా ప్రాంతంలోని పాత కట్టెల భట్టీలకు తీసుకుపోతారు. ఆంటీగారికి తోడుగా మేమూ వెళ్ళాము. అక్కడి పనివారు పెద్ద బేసినులో అన్నీ కలిపి చేత్తో గిలకొట్టి, డబ్బాలలో పోసి, ఏ ఇంటి డబ్బా ఏదో పోల్చుకోవడానికి పేరు వ్రాసిన చీటీ అంటించి భట్టీలోనికి తోస్తారు. చెప్పిన వేళకు వెళ్ళి తెచ్చుకోవడమే. భట్టీ వారు ముస్లిములు, పండుగ క్రైస్తవులది, వరుసలో నిలబడిన వారిలో సగంమంది హిందువులు. న్యూమార్కెట్టులో ఇంతకంటె వింత. 1874లో తెరిచిన ఆ బజారు లోపల నహూమ్ అనే మిఠాయి అంగడి ఉన్నది. బాగ్దాదు నుంచి వచ్చిన యూదు కుటుంబం 1902లో స్థాపించిన వ్యాపారమది. 1916 నుంచి ఆ బజారులోనే నడుస్తున్నది. క్రీస్తు పుట్టినరోజు కేకు కోసం ఆ యూదుల దుకాణం ముందు ఊరంతా బారులు తీరి నిలబడుతుంది. పండుగకు వారం ముందే వరుస దుకాణం దాటి నడవాలోకి వచ్చేసింది. మేము గంటసేపు నిలబడి ఒక కేకు సంపాదించాము.

ఇంత శ్రమపడి తెచ్చిన కేకు మా అమ్మ ముట్టదు. గుడ్డు కలిసిన పదార్థం ఆమె ఎరుగదు. ఈ సంగతి తెలిసిన ఆంటీగారు కాస్త చిన్నబుచ్చుకొన్నారు. కాసేపు ఆలోచించి, మా అమ్మాయితో కబురు పంపారు: "రేపు మధ్యాహ్నం నాయనమ్మను క్రిందికి తీసుకురా. గుడ్డు లేకుండా చేసేది ఒకటున్నది."

మరునాడు క్రింది వాటా వంటింట్లో జరిగినది మేము ఎన్నడూ మరువలేము. ఆంటీగారు మైదాలో కాస్త వెన్న, చక్కెర, చిటికెడు ఉప్పు వేసి కొబ్బరిపాలతో ముద్ద కలిపారు. దానిని చిన్నచిన్న ఉండలు చేసి, ఒక కొత్త దువ్వెన మీద పెట్టి, బొటనవేలితో ఒత్తి చుట్టడం మొదలుపెట్టారు. వీటిని వారు 'కుల్‌కుల్' అంటారు. మా అమ్మ ఒక్క నిమిషం చూసి, కొంగు బిగించి, "ఓసి నీ అఘాయిత్యం కూలా, ఇవి గవ్వలు గదే! దొరసానమ్మ గవ్వలు చేస్తోంది!" అంటూ చాపమీద కూలబడింది. ఆంటీగారు ఒకటి చుట్టేలోగా ఆమె నాలుగు చుట్టింది. మా ఊళ్ళో దీనికి గాడులు చెక్కిన గవ్వల పీట ఉంటుందనీ, పీట లేనివాళ్ళు వెదురు జల్లెడ వీపు మీద చుట్టుకొంటారనీ చెప్పింది. చెప్పినది తెలుగులో. అనువాదం చెయ్యవలసినది మా అమ్మాయి.

అంతవరకూ నాయనమ్మతో మూడో మాట మాట్లాడని పిల్లకు ఆ మధ్యాహ్నం తప్పించుకొనే దారి లేకపోయింది. "గాడులు అంటే ఏమిటి నాయనమ్మా?", "జల్లెడను ఇంగ్లీషులో ఏమంటారు ఆంటీ?" అని అటూ ఇటూ అడుగుతూ, మాట దొరకనిచోట చేత్తో చూపిస్తూ రెండు గంటలు దుబాసీగా పనిచేసింది. కేకు పళ్ళెం పక్కనే ఉన్న గులాబీ బిస్కెట్లను చూసి మా అమ్మ, "ఇవీ మనవే, గులాబీ పువ్వులు. ఇనుప అచ్చు నూనెలో కాచి పిండిలో ముంచుతారు, అంతేగా?" అన్నది. ఆంటీగారు లోపలినుంచి అదే ఇనుప అచ్చు తెచ్చి చూపించారు. ఇద్దరు వృద్ధ మహిళలూ చాలాసేపు నవ్వుకొన్నారు.

గవ్వల పాకానికి మా అమ్మ చక్కెర వద్దన్నది. ఈ చలికాలంలో బెంగాలులో లభించే 'నలేన్ గుడ్' అనే కొత్తబెల్లం మా ఇంట్లో ఉన్నది. అది చెరకు బెల్లం కాదు. మనకు కల్లు ఇచ్చే ఈత చెట్టుకే ఇక్కడ చలి రాత్రులలో కుండలు కట్టి, తెల్లవారకముందే దించి, ఆ నీరాను కాచి బెల్లం చేస్తారు. చలి తగ్గితే ఆ రుచి పోతుంది. ఆ బెల్లంతోనే జయ్‌నగర్ 'మోవా' అనే పేలాల ఉండలూ చేస్తారు. వాటికి 2015లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈత చెట్టు బెల్లమని వినగానే మా అమ్మ ఆశ్చర్యపోయి, "మన ఊళ్ళో ఆ చెట్టు పేరు చెబితే తిట్టుకొంటారు. ఇక్కడ పండుగ చేసుకొంటున్నారు" అన్నది. ఈత బెల్లం పాకంలో పడిన ఆ గవ్వల రుచి ఏ ఊరిదో మేము చెప్పలేము. ఆ సాయంత్రం నుంచి మా అమ్మ నోట 'దొరసానమ్మ' పోయి 'వదినగారు' వచ్చింది. ఆంటీగారు ఆమెను పిల్లల మాదిరే "నాయనమ్మా" అని పిలవసాగారు.

22వ తేదీ ఆదివారంనాడు పిల్లలను డల్హౌసీ ప్రాంతంలోని ఓల్డ్ మిషన్ చర్చికి తీసుకువెళ్ళాము. స్వీడన్ దేశస్థుడైన కీర్నాండర్ 1770లో కట్టించిన ప్రార్థనాలయమిది. చూపులకు సాదాసీదా భవనమే. అయినా తెలుగువారికి ఒక ప్రత్యేకమైన బంధమున్నది. ఈ చర్చిలో ఏళ్ళ తరబడి మతాచార్యుడుగా పనిచేసిన డేవిడ్ బ్రౌన్ కుమారుడే మన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఆయన 1798 నవంబరు 10న ఈ కలకత్తాలోనే పుట్టాడు. 1812లో తండ్రి మరణించేదాకా ఆయన బాల్యమంతా ఇక్కడే గడిచింది. ఆ తరువాత ఇంగ్లండు వెళ్ళి, 1817లో కంపెనీ ఉద్యోగిగా మద్రాసు చేరి, అక్కడ తెలుగు నేర్చుకొన్నాడు. 1820లో కడపకు వచ్చాడు. వేమన పద్యాలను సేకరించి 1829లో అచ్చు వేయించాడు. 1850ల ఆరంభంలో ఆయన నిఘంటువులు వెలువడ్డాయి. ఈ కథంతా విని మా అమ్మాయి, "అయితే ఆయన కూడా బదిలీల మీద తిరిగినవాడేనా నాన్నా?" అని అడిగింది. మద్రాసు, కడప, మచిలీపట్నం, రాజమండ్రి, గుంటూరు అంటూ ఆయన పనిచేసిన ఊళ్ళు చెబితే వ్రేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "ఆయనకు ఇంట్లో నేర్పేవాళ్ళు లేకపోయినా నేర్చుకొన్నాడు" అని మా శ్రీమతి అన్నది. అమ్మాయి బదులు చెప్పలేదు గానీ, ఆ రాత్రి నాయనమ్మ ప్రక్కన కూర్చొని పలక మీద అ ఆలు దిద్దడం మేము చూశాము.

24వ తేదీ ఉదయం సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌ను దర్శించాము. 1847లో ప్రతిష్ఠ జరిగిన ఈ ఆలయ శిఖరం 1897లోనూ, 1934లోనూ భూకంపాలకు దెబ్బతిన్నది. రెండవసారి దెబ్బతిన్నాక ఇంగ్లండులోని కాంటర్బరీ ఆలయ గోపురం నమూనాలో ప్రస్తుత గోపురాన్ని కట్టారు. అండమానులో 1872లో హత్యకు గురైన వైస్రాయి లార్డ్ మేయో స్మారకంగా, బర్న్ జోన్స్ అనే చిత్రకారుడు రూపొందించిన రంగు అద్దాల గవాక్షం 1880 నుంచి పశ్చిమ గోడకు ఉన్నది. దాని గుండా పడే వెలుతురులో చిన్నవాడు చెయ్యి పెట్టి, ఒకసారి నీలం, ఒకసారి ఎరుపు అయిందని మురిసిపోయాడు.

ఇక 25వ తేదీ సాయంత్రం. పార్క్ స్ట్రీటును 2004 నుంచి మదర్ థెరిసా సరణి అని పిలుస్తున్నారు. 2011 నుంచి రాష్ట్ర ప్రభుత్వం ఇక్కడి ఆలెన్ పార్కులో క్రిస్మస్ ఉత్సవం నిర్వహిస్తున్నది. ఆ రాత్రి వాహనాలను ఆపివేసి వీధంతా పాదచారులకు వదిలివేస్తారు. ఇటు నుంచి అటు దాకా దీపతోరణాలు, క్రింద నేల కనబడని జనం. ఎర్ర టోపీలు, బూరలు, బుడగలు. అంత సమ్మర్దంలోకి వృద్ధురాలినీ చంటిపిల్లలనూ తీసుకువెళ్ళడం తెలివైన పని కాదు. "కనుచూపు మేర దీపాలట గదా, చూపించండి" అని మా అమ్మ అడిగిందని వెళ్ళాము. తప్పు మాదే.

దీపతోరణం క్రింద అమ్మాయిని నిలబెట్టి ఫోటో తీయడానికి అర నిమిషం ఆగాము. వెనుక నుంచి జనం ఒక్క తోపు తోశారు. మేము నిలదొక్కుకొని చూసేసరికి మా అమ్మ లేదు. ఆమె చేయి పట్టుకొన్న చిన్నవాడూ లేడు. ఆమె ఫోను ఇంట్లో చార్జింగులో ఉన్నది. ఆమెకు తెలుగు తప్ప మరొక భాష రాదు. మా ఇంటి చిరునామా ఆమెకు చెప్పనేలేదని అప్పుడు గుర్తుకు వచ్చింది. పదకొండు రోజులుగా ఆమెకు ఊరంతా చూపించాము. ఒక కాగితం మీద చిరునామా వ్రాసి ఆమె సంచీలో పెట్టాలన్న ఆలోచన మాత్రం మాకు రాలేదు.

జనాన్ని చీల్చుకొంటూ పోలీసు సహాయ కేంద్రం చేరాము. వారు వెంటనే మైకులో బెంగాలీలోనూ, ఇంగ్లీషులోనూ ప్రకటించారు. ఆ రెండూ మా అమ్మకు అర్థం కావు. మాకు కాళ్ళు వణుకుతున్నాయి, నోట మాట రావడం లేదు. అప్పుడు మా అమ్మాయి ముందుకు వెళ్ళి ఆ పోలీసు అధికారితో, "నాయనమ్మకు తెలుగే వచ్చు. నేను చెప్తాను" అని ఇంగ్లీషులో అడిగింది. ఆయన మైకు వంచి పట్టుకొన్నాడు.

"నాయనమ్మా! నేనే మాట్లాడుతున్నాను. భయపడకు. తమ్ముడి చెయ్యి వదలకు. ఈ మైకు దగ్గర పోలీసులు ఉన్నారు. మేమూ ఇక్కడే ఉన్నాం. తమ్ముణ్ణి బెంగాలీలో అడగమను, పోలీసులు ఎక్కడున్నారని. నాయనమ్మా, వినబడుతోందా?"

తోటి పిల్లల ముందు తెలుగులో పిలవవద్దన్న పిల్ల, పార్క్ స్ట్రీటు మీద అంత జనసమూహంలో మూడుసార్లు ఆ మాటలు చెప్పింది. మూడవసారి గొంతు పూడుకుపోయింది.

మేము విడిపోయిన సుమారు 35 నిమిషాలకు, ఒక బుడగల వ్యాపారి వెంట మా అమ్మ, ఆమె కొంగు పట్టుకొని చిన్నవాడు వచ్చారు. జరిగినది తరువాత తెలిసింది. జనంలో కొట్టుకుపోయిన మా అమ్మ ఒక దుకాణం మెట్టు ఎక్కి అక్కడే కూర్చొని, "వాళ్ళే వస్తారు, మనం కదలకూడదు" అని పిల్లవాణ్ణి ఒడిలో పెట్టుకొన్నది. కొంతసేపటికి గాలిలో తెలుగు వినబడింది. మొదట భ్రమ అనుకొన్నదట. రెండవసారి మనవరాలి గొంతు పోల్చుకొన్నది. చిన్నవాడితో, "నీ భాషలో అడగరా" అన్నది. వాడు బుడగలవాణ్ణి బెంగాలీలో దారి అడిగాడు. అతడు బేరం వదులుకొని దారి చూపించడానికి తానే వచ్చాడు. డబ్బివ్వబోతే తీసుకోలేదు. పైగా చిన్నవాడి చేతికి ఒక బుడగ కట్టాడు.

మా కళ్ళలో నీళ్ళు చూసి మా అమ్మ, "ఎందుకర్రా ఏడుస్తారు? ఒకరికి ఆ భాష వచ్చు, ఒకరికి ఈ భాష వచ్చు. నేనెట్లా తప్పిపోతాను?" అన్నది. ఇంటికి వచ్చాక మాత్రం ఆమె చేతులు చాలాసేపు వణికాయి.

ఆ రాత్రి తరువాత ఆమెను ఉండిపొమ్మని అడగడానికి మాకు ధైర్యం చాలలేదు. అడిగినది ఆంటీగారు. కాదు, అడగలేదు. డిసెంబరు ఆఖరు రోజున వరండాలో ఎండకు కూర్చొని తన సంగతి చెప్పారు. "నన్నూ పిల్లలు రమ్మన్నారు. ఆస్ట్రేలియాలో ఆరు నెలలు ఉన్నాను. అందరూ బాగా చూశారు. కానీ పొద్దున లేచి కిటికీ తెరిస్తే నన్ను పేరుతో పిలిచేవాళ్ళెవరూ లేరు. తిరిగి వచ్చేశాను. పిల్లలకు కోపం వచ్చింది. ఇప్పుడు ఏడాదికొకసారి వాళ్ళే వస్తున్నారు." మా అమ్మాయి ఒక్కొక్క వాక్యమే తెలుగులో చెప్పింది. మా అమ్మ చాలాసేపు మౌనంగా ఉండి, "వదినగారితో చెప్పవే, నా కిటికీలోంచి కూడా పిలిచేవాళ్ళున్నారని" అన్నది. ఆ మాట ఆంటీగారికోసం అన్నదో, పక్కనే కూర్చొన్న మాకోసం అన్నదో అప్పుడే గ్రహించాము.

సంక్రాంతికి ముగ్గు లేకుండా ఆ గడప ఉండకూడదని, జనవరి 9న ఆమె తిరుగు ప్రయాణమైంది. వాదించలేదు. బాధపడలేదని మాత్రం చెప్పలేము. ఇంత పెద్ద నగరంలో ఇంత ఇల్లు ఉండి తల్లిని ఒంటరిగా పంపుతున్నామన్న నొప్పి హౌరా ప్లాట్‌ఫారం మీద మాకు కలిగింది, నేటికీ పూర్తిగా పోలేదు. అయితే రైలు కదిలేముందు ఒక ఒప్పందం కుదిరింది. ఏటా పెద్దదినానికి ఆమె కలకత్తా వస్తుంది. వేసవి సెలవులలో పిల్లలు ఆమె వద్దకు వెళతారు. ఈ మధ్యకాలమంతా మా అమ్మాయి ఆదివారం ఆదివారం ఒక ఉత్తరం వ్రాయాలి, అదీ తెలుగులో. మొదటి ఉత్తరంలో 'గవ్వలు' అన్న మాటకు ఒత్తు తప్పిపోయింది. నాయనమ్మ ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపింది.

కలకత్తాకు బదిలీ అయ్యే సహోద్యోగులకు మా విన్నపాలు కొన్ని. డిసెంబరులో సెలవు దొరకలేదని చింతించవద్దు. పెద్దలనే ఇక్కడికి పిలిపించుకోండి. న్యూమార్కెట్టుకు ఉదయమే వెళ్ళండి. వీలైతే హౌరా నుంచి లోకల్ రైలులో సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని శ్రీరాంపూర్ కూడా చూసి రండి. విలియం కేరీ వ్రాసిన తెలుగు వ్యాకరణం 1814లో అచ్చయినది అక్కడే. పార్క్ స్ట్రీటు దీపాలను 24, 25 తేదీలలో గాక, ఒకటి రెండు రోజుల ముందో తరువాతో చూపించండి. దీపాలు అప్పుడూ అవే. పసిపిల్లల జేబులోనూ, పెద్దవారి సంచీలోనూ చిరునామా, ఫోను నంబరు వ్రాసిన చీటీ తప్పక పెట్టండి. ఆ చీటీ లేకపోయినా ఆ రాత్రి మా వాళ్ళు మాకు దక్కారు. అది ఆ ఊరి మంచితనం, మా అమ్మాయి నోట వచ్చిన నాలుగు తెలుగు మాటల పుణ్యం.